చేపల తొట్టెకు 12 వోల్టుల దీపము

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో చేపల గాజుతొట్టె ఇప్పుడు పట్టణపు ఇండ్ల వేడుక మాత్రమే కాదు. రాజాం, బొబ్బిలి, పలాస చుట్టుపట్ల పల్లెలలో గూడ అరుగు మీదనో, ముందు గదిలోనో రెండడుగుల తొట్టె యొకటి, అందులో నాలుగు గప్పీలు, రెండు మోలీలు, గెడ్డలో పట్టి తెచ్చిన పరిగె పిల్లలు కొన్ని కానవచ్చుచున్నవి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద పథకములో అలంకార చేపల పెరటి పెంపకమును గూడ చేర్చిరి. పాడి పశువుతోపాటు ఇదియు నొక ఉపవృత్తి కాగలదని తలచు గృహిణులును ఉన్నారు. ఇది సంతోషింపదగినదే.

కాని ఆ తొట్టెల మీద వ్రేలాడు దీపములను చూచినప్పుడు మాత్రము భయము కలుగును. గోడ మీది ప్లగ్గు నుండి రెండు తీగలు, నడుమ రెండు మూడు అతుకులు, అతుకుల మీద ఊడిపోవు టేపు, చివర నొక హోల్డరు, దానిలో నొక బల్బు. దాని క్రింద జానెడు దూరమున నీరు. చీపురుపల్లి వైపు ఒక ఇంట పదేండ్ల పిల్లవాడు చేపలకు మేత వేయబోయి తడిచేతితో ఆ హోల్డరును తాకినాడు. వెనుకకు విసరివేయబడి నులకమంచము మీద పడుటచే బ్రతికినాడు. కొలది దినములకు నేనచ్చటికి పోయినప్పుడు ఆ తల్లి, "అప్పుడే మార్పించేసినాం బాబూ, కొత్త బల్బు ఎట్టినాం" అని చెప్పినది. బల్బు కొత్తదే. తీగలు, హోల్డరు, 230 వోల్టులు మాత్రము యథాస్థానముననే యున్నవి. "తప్పు బల్బుది కాదమ్మా, నీటి మీద అంత కరెంటు వ్రేలాడుటయే తప్పు" అని చెప్పి, ఆ సాయంకాలమే ఆ దీపమును తీయించితిని. దాని స్థానమున అమర్చిన 12 వోల్టుల దీపమును గూర్చియే ఈ వ్యాసము.

ఏల 12 వోల్టులు?

చర్మము పొడిగా నున్నప్పుడు మన శరీరము విద్యుత్ ప్రవాహమును చాలవరకు అడ్డగించును. తడిసినప్పుడు ఆ అడ్డు, అనగా నిరోధము, వేయి ఓములకు దిగిపోవచ్చును. 230 వోల్టులను 1000 చేత భాగించిన 230 మిల్లీ ఆంపియర్లు వచ్చును. ఇండ్లలో ప్రాణరక్షణకై పెట్టు ఆర్.సి.సి.బి. అను స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినంతనే కరెంటును త్రెంచివేయును. అంతకు మించినది గుండెకు ప్రమాదమను లెక్క మీదనే దానిని అట్లు తయారు చేసిరి. మన తొట్టె మీది ప్రమాదము దానికి ఏడు రెట్లు మించినదన్నమాట. అదే తడిచేయి 12 వోల్టులను తాకిన పోవునది, మిక్కిలి చెడ్డ స్థితిలో గూడ, 12 మిల్లీ ఆంపియర్లు. అదియు బ్యాటరీ వంటి ఏకముఖ విద్యుత్తు. చేయి జివ్వుమనవచ్చును గాని ప్రాణమునకు ముప్పు రాదు. ఈదుకొలనులలో నీటి అడుగున పెట్టు దీపములకు గూడ 12 వోల్టులనే వాడుట లోకమంతట నున్న పద్ధతి.

ఐనను ఒక మాట. 12 వోల్టులు క్షేమమనునది, ఆ 12 వోల్టులను ఇచ్చు అడాప్టరు మంచిదైనప్పుడే. అడాప్టరు లోపల 230 వోల్టుల భాగమునకును 12 వోల్టుల భాగమునకును నడుమ గట్టి ఎడము ఉండవలెను. మిక్కిలి చవుకబారు అడాప్టర్లలో ఆ ఎడము కాగితము మందము గూడ ఉండదు. అది ఒకనాడు తెగినచో 12 వోల్టుల తీగలోనికే 230 వోల్టులు దిగును. కావున ఈ పనిలో ధర చూడక కొనవలసిన వస్తువు ఇదొక్కటే. బి.ఐ.ఎస్. గుర్తు గల దానినే తీసికొనుడు. తక్కిన సామానులో ఎంత పొదుపు చేసినను నాకభ్యంతరము లేదు.

రెండు పిన్నుల అడాప్టరుకు తగిలించిన దీపమును తాకినప్పుడు చీమ ప్రాకినట్లు కొలదిగా జిలజిలమనుట కొందరికి అనుభవమే. మంచి అడాప్టరులోను ఇది మిక్కిలి స్వల్పముగా ఉండవచ్చును. కాని మంచి జిలజిలకును చెడ్డ జిలజిలకును భేదము వ్రేలికి తెలియదు. అట్లు తోచిన అడాప్టరును తొట్టెకు వాడక, మరియొక పనికి పెట్టుకొనుడు.

ఎల్.ఇ.డి. దీపము

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము నడువనారంభించిన పిదప ఈ ప్రాంతపు పల్లెలకు కరెంటు తీగలు పాకుట మొదలైనప్పుడు దీపమనగా ఫిలమెంటు బల్బే. అది తీసికొన్న కరెంటులో ఎక్కువ పాలు వేడిగా పోవును. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ ఎఱ్ఱని వెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని చేసెను. ఎఱుపు, ఆకుపచ్చ రంగులతో చాలకాలము రేడియోల మీద గుర్తు దీపములుగానే అవి యుండెను. నీలి వెలుగు కుదరక ముప్పది యేండ్లు గడచెను. జపానులో అకసాకి, అమానో, నకమురా అను వారి కృషి వలన 1990 తరువాత మంచి నీలి ఎల్.ఇ.డి. లభించెను. అందుకే వారికి 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము దక్కినది. నీలి ఎల్.ఇ.డి. మీద పసుపు వెలుగునిచ్చు పూత పూసిన తెల్లని వెలుగు వచ్చును. మనము వాడునది ఇదియే.

తొట్టె విషయమున దీని మేలు వేడి తక్కువగుటయే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టెలో సుమారు 50 లీటర్ల నీరు పట్టును. మూత మూసిన తొట్టె మీద 40 వాట్ల ఫిలమెంటు బల్బు వెలిగించి, దాని వేడిలో సగమే నీటికి చేరినదనుకొన్నను, గంటకు డిగ్రీలో మూడవ వంతు చొప్పున, గాలికి పోవు వేడిని లెక్కింపకున్న, ఆరు గంటలలో రెండు డిగ్రీలు పెరుగును. మాఘమాసములో ఇది మేలే. కాని మన వైశాఖ జ్యేష్ఠముల ఉక్కలో, నీరు అప్పటికే 30 డిగ్రీలకు చేరియున్నప్పుడు, ఇది చేపలకు ఊపిరి సమస్య. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరిగియుండగలదు. 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు దిగును. మీ చేపలు వేసవి రాత్రులలో నీటిపైకి వచ్చి నోరు తెరచుచున్నచో ముందు దీపమును అనుమానింపుడు.

కావలసిన సామాను

12 వోల్టుల ఎల్.ఇ.డి. పట్టీలు విద్యుత్ సామాను అంగళ్ళలో చుట్టలుగా దొరకును. మీటరుకు 60 దీపములుండి, మీటరుకు 4.8 వాట్లు తీసికొను రకమును అడుగుడు. అదే 60 దీపములతో మీటరుకు 14.4 వాట్లు తీసికొను పెద్ద రకము గూడ కలదు. అది ఈ తొట్టెకు అనవసరము. చుట్ట మీద వాట్లు వ్రాసియుండును, చదివి కొనుడు. పైన సిలికోను పూత గలది, పగటి తెలుపు (6500 కె. అని వ్రాసినది) మేలు. ఒక మీటరు చాలును.

తక్కినవి: 12 వోల్టులు, 1 ఆంపియరు అడాప్టరు. అంగుళము వెడల్పు, 55 సెంటీమీటర్ల పొడవు గల అల్యూమినియము పట్టీ. కిటికీల ఫ్రేములు చేయు అంగడిలో తుంపులు దొరకును. జంట రాగితీగ రెండు మూడు మీటర్లు. చిన్న స్విచ్చి యొకటి. అడాప్టరు కొననుండు గుండ్రని జాకునకు సరిపోవు జత. పొలములో మోటారు గొట్టములు వేయగా మిగిలిన 63 మిల్లీమీటర్ల పి.వి.సి. గొట్టపు తుంపు యొకటి రైతు ఇంట దొరకక పోదు. దీపపు డొప్పకు అదే చాలును. కొనబోకుడు.

పట్టీ లోపలి లెక్క

చేయుటకు ముందు పట్టీని ఎండలో పట్టి చూడుడు. ప్రతి మూడు దీపములకు నొక చిన్న రెసిస్టరు, ప్రతి 5 సెంటీమీటర్లకు నొక కత్తిరింపు గుర్తు కనిపించును. ఇట్లేల? తెల్లని ఎల్.ఇ.డి. ఒక్కొక్కటి సుమారు 3.1 వోల్టులు తీసికొనును. మూడింటిని వరుసగా కలిపిన 9.3 వోల్టులు. 12లో 9.3 పోగా మిగులు 2.7 వోల్టులను రెసిస్టరు భరించును. ఎల్.ఇ.డి.కి నిదానము లేదు. వోల్టేజి కొలదిగా పెరిగినను కరెంటును విపరీతముగా త్రాగి కాలిపోవును. రెసిస్టరు దానికి పగ్గము. ఈ సంగతి తెలిసినచో గుర్తు వద్దనే ఏల కత్తిరింపవలెనో గూడ తెలియును. గుర్తు తప్పి నడుమ కోసిన, ఆ ముక్కలో పగ్గము తెగును, దీపములు వెలుగవు.

ఉన్నత పాఠశాల పిల్లలు విడి ఎల్.ఇ.డి.లతో చేయదలచినచో లెక్క ఇదే. మూడు దీపములు వరుసగా, వాటికి నొక రెసిస్టరు. 2.7 వోల్టులను 20 మిల్లీ ఆంపియర్లచే భాగించిన 135 ఓములు. అంగడిలో దొరకు 150 ఓముల రెసిస్టరు వేసిన 18 మిల్లీ ఆంపియర్లు పోవును. పావు వాటు రెసిస్టరు చాలును. ఇట్టి మూడేసి దీపముల వరుసలు పది చేసి ప్రక్క ప్రక్కన కలిపిన తొట్టెలోని చేపలు చక్కగా కనబడును. అతుకులు మాత్రము అరువదికి పైగా వచ్చును గనుక, ఓపిక గల పిల్లలకే ఇది. పెద్దలు పట్టీనే కొందురు గాక.

చేయు విధము

63 మిల్లీమీటర్ల గొట్టమును 62 సెంటీమీటర్ల పొడవు కోసి, రంపముతో నిలువున రెండుగా చీల్చుడు. ఒక సగము చాలును. రెండవది ఇరుగుపొరుగు వారికి ఈయవచ్చును, తప్పక అడుగుదురు. దీనిని బోర్లించిన, పెంకు వలె తొట్టె రెండు చివరి గాజుల మీద నిలుచును. జారకుండుటకు రెండు కొనలయందు గాజు దూరునంత గాడి కోయుడు.

అల్యూమినియము పట్టీని లోపలి భాగమున నడుమ రెండు చిన్న బోల్టులతో బిగింపుడు. ఎల్.ఇ.డి. పట్టీని 50 సెంటీమీటర్ల చొప్పున రెండు ముక్కలు కోసి, అల్యూమినియమును స్పిరిటుతో తుడిచి ఆరిన పిమ్మట, ప్రక్క ప్రక్కన రెండు వరుసలుగా అంటింపుడు. నేరుగా ప్లాస్టిక్ మీద అంటింపరాదు. ఈ దీపములకు వేడి తక్కువే గాని లేకపోలేదు. ఆ కొలది వేడిని అల్యూమినియము లాగివేసిన దీపము ఏండ్ల తరబడి నిలుచును. ప్లాస్టిక్ మీద నంటించినది రెండవ వేసవికే పసుపెక్కి మసకబారుట చూచితిని.

కోసిన చోట పట్టీకి రెండు రాగి చుక్కలుండును, ధనము ఋణము అను గుర్తులతో. సిలికోను పూతను బ్లేడుతో అంతమేర తీసి, చుక్కలకు తీగలను మాటు వేయుడు. రెండు వరుసల ధనములు ఒకచోట, ఋణములు ఒకచోట కలుపుడు. తీగలు తారుమారైన దీపము వెలుగదు, కాని చెడదు. మార్చి కలిపిన చాలును.

ఇక్కడ మన తీరపు వారికి ప్రత్యేకముగా చెప్పవలసినది యున్నది. కళింగపట్నము, భావనపాడు, భోగాపురము వంటి సముద్రపు గాలి తగులు ఊళ్ళలో రాగి అతుకు ఆరు మాసములకే ఆకుపచ్చగా చిలుము పట్టును. అందుపై తొట్టె ఆవిరి. అతుకును చుట్టూ పూర్తిగా సీసముతో కప్పి, దానిపై సిలికోను పూయవలెను. సిలికోనులో రెండు జాతులున్నవి. గాజుతొట్టెలు అంటించునది ఆరునప్పుడు పుల్లని వెనిగరు వాసన వేయును. ఆ పులుపు గాజును ఏమియు చేయదు గాని రాగిని తినివేయును. వాసన లేనిది, న్యూట్రల్ అని వ్రాసియుండునది, అతుకులకు వాడవలెను. తొట్టె చేయగా మిగిలినది గదా యని మొదటిదే పూసి నేను గూడ ఒకసారి దీపము పోగొట్టుకొంటిని. పైకి అతుకు చక్కగా కప్పబడియున్నది. విప్పి చూడగా లోపల తీగ పొడియై రాలినది.

అడాప్టరును తొట్టెకు దూరముగా, నీటి మట్టమునకు పైన గోడమీది ప్లగ్గులో నుంచుడు. దాని తీగ నేరుగా దీపము నుండి ప్లగ్గునకు పోరాదు. నడుమ నొక వంపుగా క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవలెను. తీగ వెంట జారు నీటిచుక్క ఆ వంపు అడుగున నేలకు రాలిపోవును, ప్లగ్గులోనికి పోజాలదు. ఖర్చు లేని ఈ చిన్న వంపును నూటికి తొంబదిమంది మరతురు. తడిచేతులతో వేయుటకు తీయుటకు స్విచ్చి 12 వోల్టుల తీగలోనే ఉండవలెను. గోడ స్విచ్చిని పొడిచేతితో మాత్రమే ముట్టుడు.

మరియొక అపాయము. ఇంట దొరకు మూడు పిన్నుల ప్లగ్గును 12 వోల్టుల దీపపు తీగకు తగిలించువారు కలరు. ఒకనాడు ఇంటికి వచ్చిన చుట్టమో, పిల్లవాడో దానిని గోడలోనికి దూర్చును. పట్టీ ఢామ్మని కాలుటయే గాక నీటి మీదికి 230 వోల్టులు వచ్చును. రెండింటికి ఒకే ఆకారపు ప్లగ్గు ఎన్నడును వాడకుడు. గుండ్రని జాకు పెట్టుమనుట ఇందుకే.

దీపమునకును నీటికిని నడుమ నొక గాజుపలకను మూతగా వేయుడు. మేతకై ఒక మూల రెండంగుళముల సందు చాలును. ఆవిరి దీపమునకు తగులదు, చేపలు ఎగిరి బయట పడవు, గోడమీది బల్లి నీట పడదు.

ఎంత వెలుగు?

ఒక మీటరు పట్టీతో మనకు వచ్చునది ఇంచుమించు 5 వాట్లు. చేపలు కనబడుటకు ఇది ఎక్కువే. హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మన చెరువుల మొక్కలు కొన్ని పెంచువారికి గూడ చాలును. మొక్కలు దట్టముగా కావలెనన్న మూడవ వరుస చేర్చవచ్చును. అంతకు మించి పెంచు ముందు కొంత ఆగుడు.

దీపము పెట్టిన రెండు వారములకు గాజు ఆకుపచ్చబడి, మొక్కల మీద జుట్టు వంటి పాచి పట్టినదని వచ్చువారే నా యొద్దకు ఎక్కువ. వారందరు అడుగు ప్రశ్న ఒకటే, "ఏ మందు వేయవలెను?" మందు వలదు. వెలుగు, మేత మిగులు, ఈ రెండును కలిసిన పాచి వచ్చును. పొలములో ఎరువెక్కువై నీరు నిలిచిన కలుపు పెరిగినట్లే. రోజుకు ఆరు మొదలు ఎనిమిది గంటలకు మించి దీపము వేయకుడు. పాచి కనిపించిన ఐదు గంటలకు దింపుడు. రెండు నిముషములలో చేపలు తినగలిగినంత మేతయే వేయుడు. వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మార్చుడు. కిటికీ ఎండ తొట్టె మీద పడుచున్నచో దీపము కాదు, తొట్టెను కదల్పుడు. మన ఎండ ముందు ఐదు వాట్ల దీపమెంత?

చేపలకు రాత్రి చీకటి కావలెను. పడుకొనువరకు టెలివిజను వలె తొట్టెను వెలిగించియుంచుట వాటికి హింస. చిమ్మచీకటిలో ఒక్కుమ్మడిగా దీపము వేసిన బెదరి గాజుకు కొట్టుకొనును. ముందు గది దీపము వేసి, కొంత సేపటికి తొట్టె దీపము వేయుడు.

కరెంటు ఖర్చు లెక్కింపదగినంత లేదు. 5 వాట్లు, రోజుకు 8 గంటలు, నెలకు 1.2 యూనిట్లు. అదే 40 వాట్ల బల్బైన 9.6 యూనిట్లు.

బ్యాటరీ మీద నడుపుట

12 వోల్టుల దీపమునకు గల రెండవ మేలు, బ్యాటరీ మీద నేరుగా వెలుగుట. 12 వోల్టులు, 7 ఆంపియరు గంటల చిన్న బ్యాటరీ చాలును. మన దీపము 0.4 ఆంపియరు తీసికొనును, ఎనిమిది గంటలకు 3.2 ఆంపియరు గంటలు. బ్యాటరీలో సగము మించి వాడకుండుట దాని ఆయువునకు మంచిది గనుక, ఒక దినపు వెలుగునకు ఇది సరిగా సరిపోవును. సౌరఫలకము పెట్టదలచినవారు 20 వాట్ల ఫలకము, ఛార్జి కంట్రోలరు వాడవచ్చును.

జాగ్రత్తలు మూడు. మొదటిది ఫ్యూజు. బ్యాటరీ 12 వోల్టులదే గదా యని నిర్లక్ష్యము కూడదు. దాని రెండు కొనలు తాకిన తీగ ఎఱ్ఱగా కాలి ఇల్లంటుకొనును. ధనపు కొన ప్రక్కనే 1 ఆంపియరు ఫ్యూజు వేయుడు. రెండవది వోల్టేజి. ఛార్జి అగుచున్నప్పుడు బ్యాటరీ 14.4 వోల్టుల వరకు ఎక్కును. 14.4లో 9.3 పోగా 5.1 వోల్టులు రెసిస్టరు మీద పడును, అనగా పట్టీలో కరెంటు ఇంచుమించు రెట్టింపు. కావున ఛార్జి చేయునప్పుడు దీపమును విడదీయుడు. విడి ఎల్.ఇ.డి.లతో చేసినవారు 150కి బదులు 270 ఓముల రెసిస్టరు వేసికొన్నచో ఛార్జిలో నున్నను 19 మిల్లీ ఆంపియర్లకు మించదు. వెలుగు కొంత తగ్గును, అంతే. మూడవది, బ్యాటరీని మూసిన అలమరలో పెట్టి ఛార్జి చేయకుడు. ఛార్జిలో వెలువడు హైడ్రొజను మండు వాయువు.

తుపాను దినములలో

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటెను. ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలు నేల కూలినవి. కరెంటు స్తంభములు వేల కొలది పడినవి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు పల్లెలు చాల దినములు చీకటిలో నుండెను. అంతకు నాలుగేండ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ, విజయనగరం ప్రాంతములను అట్లే చీకటి చేసెను. మనుష్యులకే త్రాగునీరు కరువైన ఆ దినములలో చేపల తొట్టెను ఎవరు తలతురని అనవచ్చును. కాని తలచినవారు కలరు. తోట పోయిన ఒక ఇంట, పిల్లల కొరకు ఆ నాలుగు చేపలనైన బ్రతికింపవలెనని ఆ యింటి పెద్దాయన రాత్రంతయు బ్యాటరీ దీపము తొట్టె మీద వెలిగించియుంచెను. మూడవ నాటికి బ్యాటరీ అయిపోయెను, చేపలును చచ్చెను. "దీపం ఉంటే బతుకుతాయనుకున్నాం బాబూ" అన్నాడాయన.

ఇది మిక్కిలి తెలిసికొనవలసిన విషయము. కరెంటు పోయినప్పుడు చేపలను చంపునది చీకటి కాదు, గాలి పంపు ఆగుట. చేపలు చీకటిలో దినముల తరబడి ఉండగలవు. ఊపిరి లేక గంటలు గూడ ఉండలేకపోవచ్చును, తొట్టెలో చేపలు క్రిక్కిరిసియున్న మరియు త్వరగా పోవును. కావున బ్యాటరీ దీపమునకు కాదు, గాలికి. 12 వోల్టుల చిన్న గాలి పంపు 2 వాట్లది 0.17 ఆంపియరు తీసికొనును. మన బ్యాటరీలో సగముతో 20 గంటలు ఎడతెగక నడచును. గంటకు పావుగంట చొప్పున నడిపిన మూడు దినములకు పైగా వచ్చును. ఆ పెద్దాయన ఇంట 5 వాట్ల దీపమునకు పోయిన బ్యాటరీ ఇంత గాలినిచ్చియుండెడిది. పంపునకు గూడ దీపమునకు పెట్టిన గుండ్రని జాకునే పెట్టుకొనుడు. అప్పుడు దీపము తీసి పంపు తగిలించుట ఒక్క క్షణపు పని.

బ్యాటరీ లేనివారు చెంబుతో తొట్టె నీటినే ముంచి, అడుగు ఎత్తు నుండి ధారగా పోయవలెను. గంటకొకసారి పాతిక ముప్పది చెంబులు. పిల్లలు వంతులు వేసికొని చేయుదురు. మొదటి రెండు మూడు దినములు మేత అసలు వేయకుడు. పెద్ద చేపలకు ఆకలి వలన ముప్పు రాదు, తినని మేత కుళ్ళిన వచ్చును. మొక్కలు దట్టముగా నున్న తొట్టెలో చీకటి వేళ మొక్కలును ప్రాణవాయువును వాడుకొనును గనుక, పగలు కిటికీ తలుపు తెరచి వెలుగు రానిండు. చచ్చిన చేపను, కుళ్ళిన ఆకును వెంటనే తీసివేయుడు. గాజుపలక మూతను కొంత జరిపి గాలి తగులనిండు.

కరెంటు మరల వచ్చిన తొలి గంటలలో వోల్టేజి నిలకడగా నుండదు. తుపాను రాకమునుపే అడాప్టరును ప్లగ్గు నుండి ఊడదీసియుంచి, ఇంటిలోని తక్కిన దీపములు నిలకడగా వెలుగుచున్నవని చూచిన పిదపనే తగిలింపుడు. దీపమును తొట్టె మీద పెట్టకమునుపు అతుకులను విప్పి చూచి, ఉప్పునీటి తడి తగిలియున్నచో మంచినీటితో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, సిలికోను మరల పూయుడు. మొదటి దినము నాలుగు గంటలు మాత్రమే దీపము వేసి, దినమునకొక గంట చొప్పున పెంచుడు. చీకటిలో నీరసించిన మొక్కలు ఆ వెలుగును వాడుకొనుటకు కొంత వ్యవధి పట్టును. ఈ లోపల దానిని వాడుకొనునది పాచియే.